ఒడ్డుకు తిరిగి తెచ్చే తెడ్డు

గత మాసం గోదావరిఖని నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మాకు అందింది. ఆమె భర్త సింగరేణి బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నారు. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగస్థుడు. అతడు సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు, గాలి నింపుకొనే పొడవాటి పలకనొకదానిని సంచిలో మడిచి తెస్తున్నాడు. ఊరి బయట చెరువులో దానిపై నిలబడి, నిలువెత్తు తెడ్డు వేస్తూ విహరిస్తున్నాడు. దీనిని స్టాండప్ ప్యాడిల్ బోర్డింగ్ అంటారని కొడుకే ఆమెకు చెప్పాడు.

ఉత్తరంలోని అసలు విషయం ఆ తరువాత ఉంది. ఒక ఆదివారం ఉదయం పది గంటలకు వెళ్ళిన పిల్లవాడు అసర్ నమాజు వేళ దాటినా ఇల్లు చేరలేదు. ఫోను ఒడ్డున నిలిపిన బండి డిక్కీలో మోగుతూనే ఉంది. మధ్యాహ్నం లేచిన గాలి అతడిని అవతలి గట్టువైపు, తుంగ పొదలలోకి నెట్టివేసింది. ఎంత బలంగా తెడ్డు లాగినా పలక గుండ్రంగా తిరిగిందే తప్ప ముందుకు సాగలేదు. చివరకు వలలు చూసుకోవడానికి వచ్చిన జాలరి ఒకరు దానిని తన తెప్పకు కట్టుకొని ఒడ్డుకు చేర్చారు. ఆ రాత్రి తండ్రి ఆ పలకను బీరువా మీద పడవేసి, ఇక దానిని ముట్టవద్దన్నారు. కొడుకు బదులు పలకలేదు. అప్పటి నుండి రెండు నెలలుగా ఇద్దరి మధ్య మాటలు లేవు. "ఇది వ్యర్థమైన ఆటే అయితే నేనే మాన్పిస్తాను. కాకపోతే, వాడు క్షేమంగా తిరిగివచ్చే మార్గం చెప్పండి" అని ఆ తల్లి అడిగారు.

ఈ ప్రశ్నకు కూర్చున్నచోటు నుండి జవాబు వ్రాయడం న్యాయం కాదనిపించింది. ఆ కుటుంబం అనుమతితో వెళ్ళి, రెండు రోజులు ఉండి, చూచినదీ తెలుసుకున్నదీ ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఇది వ్యర్థ కాలక్షేపమా?

ఆటలన్నిటినీ ఇస్లాం ఒకే గాట కట్టలేదు. ఇమామ్ నసాయీ ఉల్లేఖించిన ఒక హదీసులో దైవప్రవక్త (స) నాలుగు పనులను వ్యర్థ కాలక్షేపం నుండి మినహాయించారు. అవి విలువిద్యాభ్యాసంలో గురికీ గురికీ మధ్య నడవడం, గుర్రానికి తర్ఫీదు ఇవ్వడం, ఇల్లాలితో ఉల్లాసంగా గడపడం, ఈత నేర్చుకోవడం. పిల్లలకు ఈత, విలువిద్య, స్వారీ నేర్పించాలన్న హితవు హజ్రత్ ఉమర్ (రజి) పేర ప్రసిద్ధమై ఉంది. బలవంతుడైన విశ్వాసి బలహీనుని కంటే అల్లాహ్‌కు ప్రియమైనవాడని, అయినా ఇద్దరిలోనూ మేలు ఉన్నదని సహీహ్ ముస్లింలోని హదీసు బోధిస్తున్నది. కాబట్టి నీటిపై దేహాన్ని సాధన చేయడం తనంతట తాను దోషం కాదు.

అయితే దానికి హద్దులు ఉన్నాయి. నమాజు వేళ తప్పరాదు. సతర్ నియమం నీటిలో కూడా నియమమే. పురుషునికైనా నాభి నుండి మోకాలి వరకు కప్పి ఉండాలి. పందాలు కూడవు. అన్నిటికంటే ముఖ్యమైనది, మన చేతులతో మనమే ప్రాణాన్ని వినాశంలోకి నెట్టుకోరాదన్న ఆజ్ఞ. ఇది బఖరా సూరాలో ఉంది. ప్రాణం మన సొత్తు కాదు, మనకు అప్పగించబడిన అమానత్. ఒంటెను కట్టివేసిన తరువాతనే అల్లాహ్‌పై భారం వేయాలని దైవప్రవక్త (స) ఒక పల్లెవాసికి బోధించిన సంగతి మనమందరం విన్నదే. నీటిపైకి వెళ్ళేవాని విషయంలో ఆ ఒంటెను కట్టే తాడు ఏమిటి? రక్షణ కవచం ఒక పోగు. ఈత రెండవ పోగు. సరియైన తెడ్డు విద్య మూడవది. మొదటి రెండూ ఉన్నా మూడవది లేకపోవడం వల్లనే ఆ ఆదివారం ఆ ఇల్లు అంత కలతపడింది.

ఎక్కడి నీరు తగినది?

గోదావరిఖని పేరులోనే నదీ ఉంది, గనీ ఉంది. పట్టణానికి ఎగువన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు, దిగువన సుందిళ్ళ బ్యారేజీ. సుందిళ్ళలో నీరు నిలిపిన రోజులలో నది సముద్రంలా నిండి కనిపించింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగిన తరువాత సుందిళ్ళ నీటిని కూడా వదలివేయగా మళ్ళీ ఇసుక తిన్నెలు తేలాయి. ఇలా మనుషులు ఎత్తే, దించే గేట్లను బట్టి పెరిగి తరిగే నదిలో అలవాటు లేనివారు తెడ్డు పట్టడం క్షేమం కాదు. నిన్న మోకాటి లోతు ఉన్నచోట నేడు నిలువు లోతు ఉండవచ్చు.

పాత ఓపెన్‌కాస్ట్ గోతులలో నిలిచిన నీలి నీరు కన్నులకు ఇంపుగానే ఉంటుంది. కాని దాని అంచులు నిటారుగా, వదులు మట్టితో ఉంటాయి. పడినవానికి పట్టు దొరకదు. దాని దరికి పోరాదు. రామగుండం ఎన్‌టీపీసీ జలాశయంపై 100 మెగావాట్ల సౌర ఫలకాలు తేలుతున్నాయి; 2022 నుండి అవి పూర్తిస్థాయిలో విద్యుత్తునిస్తున్నాయి. అది పరిశ్రమ అవసరానికి నిలిపిన నీరే గాని విహారస్థలం కాదు.

మిగిలినది ఊరి చెరువు. అక్కడ చేపలపై హక్కు మత్స్య సహకార సంఘానిది కనుక వారి అనుమతి తీసుకోవడం మర్యాద, అవసరం కూడా. వలలు ఎక్కడ కట్టారో వారే చెప్పగలరు. పలక అడుగున దారి తప్పకుండా ఉండే చిన్న రెక్క ఒకటి ఉంటుంది; అది వలలో చిక్కితే వల తెగుతుంది, మనిషి పడిపోతాడు. నీరు పారుతున్న తూముకూ, దూకుతున్న మత్తడికీ దూరంగా ఉండాలి. ఈ యువకుడు అనుమతి తీసుకున్నాడు. కాని గాలి సంగతి ఎవరినీ అడగలేదు.

కొత్త పేరు, పాత విద్య

నిలబడి పడవ నడపడం తెలుగువారికి కొత్త కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల జాలరులు దుంగలు కట్టిన తెప్పలపై తెడ్డు వేసి అలలు దాటారు. గోదావరిపై నావికులు గెడ పాతి నావ నడిపారు. నేటి పలక రూపం మాత్రం హవాయి దీవులది. 20వ శతాబ్ది మధ్యకాలంలో వైకీకీ తీరంలో అలల స్వారీ నేర్పే గురువులు శిష్యులను కనిపెట్టి ఉండేందుకు పలకపై నిలబడి తెడ్డు వేసేవారు. 2000 తరువాత అది అన్ని దేశాలకూ పాకింది. మన పొరుగున కర్ణాటక నుండి తన్వీ జగదీశ్ అనే యువతి ఈ క్రీడలో అంతర్జాతీయ పోటీల వరకు వెళ్ళింది.

ఇంత చెప్పడం ఎందుకంటే, ఈ విద్యలో తొలి సూత్రం గెడ పాతే నావికునికి ఎప్పటి నుండో తెలుసు. అతడు గెడను నది అడుగున పాతుతాడు. గెడ కదలదు; నావయే గెడను దాటి ముందుకు పోతుంది. తెడ్డు కూడా అంతే. నీటిని వెనక్కు తోయడం తెడ్డు పని కాదు. తెడ్డును నీటిలో పాతి, మనమూ మన పలకా దాని దగ్గరకు చేరడమే పని. ఈ ఒక్క మాట మనసుకు పట్టినవాని తెడ్డు సగం బాగుపడినట్లే.

బాయి నేర్పిన పాఠం

మేము వెళ్ళిన మరునాడు ఫజర్ నమాజు తరువాత అందరం చెరువుకు బయలుదేరాము. తల్లి బ్రతిమాలితే తండ్రి కూడా వచ్చారు. కట్టపై ఒక రాతిమీద కూర్చొని, తస్బీహ్ త్రిప్పుతూ నీటివైపు చూడకుండా ఉన్నారు. కుమారుడు రక్షణ కవచం ధరించి, పలకపై మోకాళ్ళమీద కొంత దూరం వెళ్ళి, తరువాత లేచి నిలబడ్డాడు.

అతడు తెడ్డును చేతులతో లాగుతున్నాడు. ప్రతి వేటుకూ నీరు చిమ్ముతున్నది. పలక ముక్కు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కొట్టుకుంటున్నది. పది నిమిషాలకే భుజం రుద్దుకోసాగాడు. మేము చూస్తూ ఉండగా, ఇన్నాళ్ళూ కొడుకుతో మాట్లాడని తండ్రి రాతిమీది నుండి లేచారు.

"గట్ల చేతులతోని గుంజితే భుజం పోతది బేటా! నడుం తిప్పు, నడుం!"

కొడుకు తెడ్డు ఆపి కట్టవైపు చూశాడు. "ఎట్ల అబ్బా?" అన్నాడు.

తండ్రి ఉద్యోగంలో చేరినది కోల్ ఫిల్లరుగా. పేల్చిన బొగ్గును తట్టా చెమ్మస్‌తో ఎత్తి టబ్బులు నింపిన మనిషి. యంత్రాలు వచ్చిన తరువాత వేరే పనికి మారారు గాని, ఆ కదలిక ఒంట్లో అలాగే ఉంది. కట్టమీద నిలబడి, ఉత్త చేతులతోనే, మోకాళ్ళు వంచి, నడుము తిప్పి, మళ్ళీ నిటారుగా లేచి చూపించారు. చేతులతో ఎత్తేవాడు షిఫ్టు సగంలోనే కూలబడతాడని, నడుముతో, కాళ్ళతో ఎత్తేవాడే చివరి టబ్బు వరకు నిలుస్తాడని మాతో అన్నారు. చేతులు పట్టుకోవడానికి మాత్రమేనని, బలం ఇవ్వవలసింది మొండెమని ఆయన చెప్పిన మాటే ఈ క్రీడ నేర్పే గురువులందరూ చెప్పేది.

ఒక విషయంలో మాత్రం చెమ్మస్ అలవాటు పనికిరాదు. చెమ్మస్ గుంట బొగ్గును ఎత్తడానికి ఉన్నది. తెడ్డు ఏమీ ఎత్తరాదు. ఆ సంగతి ఆ రోజు కొడుకు తండ్రికి చెప్పాడు.

తెడ్డు వేసే క్రమం

నీటిలో మునిగే వెడల్పు భాగాన్ని ఆకు అని, పొడవు కర్రను కాడ అని, పై కొసను పిడి అని ఇక్కడ వ్యవహరిద్దాము.

తెడ్డు పొడవు మనిషి ఎత్తు కంటే సుమారు జానెడు ఎక్కువ ఉండాలి. తెడ్డు నిలబెట్టి చేయి పైకి చాచినప్పుడు పిడి మణికట్టు దగ్గరకు వస్తే సరిపోయినట్లు. పొడవు ఎక్కువైతే భుజాలు పైకి లేచి నొప్పి పుడుతుంది. తక్కువైతే నడుము వంగిపోతుంది.

ఆకు కాడకు తిన్నగా ఉండదు, కొద్దిగా వంగి ఉంటుంది. ఆ వంపు పలక ముక్కువైపు, అంటే మన నుండి దూరంగా ఉండాలి. గరిటెలా, చెమ్మస్‌లా తనవైపు త్రిప్పి పట్టుకోవడం కొత్తవారు సాధారణంగా చేసే తప్పు. అలా పట్టుకుంటే వేటు చివర ఆకు నీటిని పైకి ఎత్తుతుంది. ఎత్తిన నీటి బరువు పలకను క్రిందికి అణచి వేగాన్ని తగ్గిస్తుంది.

కుడివైపు వేసేటప్పుడు ఎడమ చేయి పిడిపై, కుడి చేయి కాడపై ఉంటాయి. ఎడమవైపు మారినప్పుడు చేతులూ మారాలి. రెండు చేతుల మధ్య ఎంత దూరం ఉండాలో తెలియాలంటే తెడ్డును అడ్డంగా తలపై పెట్టుకోండి. మోచేతులు లంబకోణంలో ఉన్నచోట చేతులు నిలపండి. చేతులు దగ్గరగా ఉంటే మొండెం బలం కాడకు అందదు.

పాదాలు పలక మధ్యనున్న మోత పిడికి ఇరువైపులా, తుంటి వెడల్పున, ముక్కువైపు తిరిగి ఉండాలి. మోకాళ్ళు కొద్దిగా వంచాలి. చూపు పాదాల మీద కాదు, అవతలి గట్టుమీద ఉండాలి. పాదాలవైపు చూసేవాడు పడిపోతాడు.

ఇక వేటులో నాలుగు భాగాలు.

మొదటిది పాతడం. కాడపై ఉన్న చేతివైపు భుజాన్ని, తుంటిని కలిపి ముందుకు త్రిప్పి, ఆకును పాదాలకు వీలైనంత ముందుగా, పలక అంచుకు దగ్గరగా నీటిలోకి దించాలి. ఆకు పూర్తిగా మునిగేవరకు లాగరాదు. సగం మునిగిన ఆకును లాగినప్పుడే నీరు చిమ్ముతుంది. చప్పుడు లేకుండా దిగిన ఆకు బాగా పాతుకున్న ఆకు.

రెండవది లాగడం. పై చేయి పిడిని క్రిందికి అదుముతుంది. త్రిప్పిన మొండెం మళ్ళీ తిన్నగా వస్తుంది. తుంటి తెడ్డు దగ్గరకు చేరుతుంది. చేతులు దాదాపు చాచినట్లే ఉంటాయి. అరికాళ్ళు పలకను ముందుకు తోస్తున్నట్లు తెలియాలి. ఊపిరి ఈ దశలో వదలాలి.

మూడవది తీయడం. ఆకు పాదాల వద్దకు రాగానే నీటి నుండి తీసివేయాలి. పాదాలు దాటిన తరువాత లాగే ప్రతి అంగుళమూ నష్టమే: పలక ప్రక్కకు తిరుగుతుంది, వెనుక కొస అణగుతుంది. ఆ యువకుని పలక గుండ్రంగా తిరగడానికి ముఖ్య కారణం ఇదే. అతడు ఆకును దాదాపు పలక తోక వరకు లాగుతున్నాడు. బలం ఎక్కువ పెట్టినకొద్దీ మరింతగా తిరిగింది.

నాలుగవది తిరిగి చేరడం. ఆకును నీటిపై తక్కువ ఎత్తులో ప్రక్కవాటుగా త్రిప్పి ముందుకు తెచ్చుకోవాలి. ఇది విశ్రాంతి ఘడియ. ఇక్కడ చేతులు వదులుగా ఉండాలి. తొందరపడి మరుసటి వేటుకు దూకేవానికి అలసట త్వరగా వస్తుంది.

తిన్నగా పోవాలంటే కాడ నిలువుగా ఉండాలి. అంటే పై చేయి కూడా పలక అంచు దాటి నీటిపైకి రావాలి. కాడ వాలితే ఆకు వంపుగా తిరిగి పలకను మళ్ళిస్తుంది. ఒక ప్రక్క ఐదు నుండి ఎనిమిది వేట్లు వేసి ప్రక్క మార్చుకోవచ్చు. మలుపు కావాలనుకున్నప్పుడు మాత్రం దీనికి విరుద్ధంగా, ఆకును ముక్కు నుండి తోక వరకు అర్ధచంద్రంలా దూరంగా త్రిప్పాలి. తప్పుగా వేసిన వేటే సరియైన చోట మలుపు అవుతుంది.

లెక్కపెట్టే సాధన

బాగుపడుతున్నామో లేదో తెలుసుకునే కొలమానం వేగం కాదు. కట్టమీద రెండు తాటిచెట్లను గుర్తు పెట్టుకొని, ఒకదాని ఎదురు నుండి మరొకదాని ఎదురు వరకు ఎన్ని వేట్లు పడుతున్నాయో లెక్కపెట్టడం మంచి సాధన. ఆ యువకునికి మొదట 70 వేట్లు పట్టాయి. తండ్రి కట్టమీద నడుస్తూ ప్రతి వేటునూ వేలి కణుపులపై లెక్కించారు. రెండవ రోజు అదే దూరం 52 వేట్లలో ముగిసింది. గాలి లేని ఉదయం పూటనే ఈ లెక్కకు విలువ ఉంటుంది.

మొదటి వారం పాతడం ఒక్కటే సాధన చేయవచ్చు: ఆకు పూర్తిగా ముంచి, ఒక్క క్షణం ఆగి, తరువాత లాగడం. రెండవ వారం పాదాల వద్ద తీయడం. ఆ తరువాత రెండింటినీ కలిపి, పది వేట్లు శ్రద్ధగా, పది వేట్లు తేలికగా. రోజుకు అరగంట చాలు. శ్రద్ధ సడలిన తరువాత చేసే సాధన తప్పునే గట్టి చేస్తుంది. భుజం నొప్పి విశ్రాంతితో తగ్గకపోతే వైద్యునికి చూపించాలి.

ఏ పని చేసినా చక్కగా చేయాలన్న ఇహ్సాన్ భావన నమాజుకూ ఖుర్ఆన్ పఠనానికీ మాత్రమే పరిమితం కాదు. బలం పెంచడం కంటే పద్ధతి దిద్దుకోవడం మేలన్న పాఠం చెరువులో నేర్చుకున్నవాడు ఉద్యోగంలోనూ, ఇంటిలోనూ దానిని వాడుకోగలడు.

గాలి ఎదురైనప్పుడు

నిలబడిన మనిషి గాలికి తెరచాప వంటివాడు. కాబట్టి గాలి పెరిగితే తొలి పని మోకాళ్ళపైకి దిగడం. పై చేతిని పిడి నుండి కాడపైకి దించి, చిన్న చిన్న వేట్లు త్వరత్వరగా వేయాలి. పొడవాటి వేట్ల మధ్య విరామంలో గాలి మనలను వెనక్కు నెడుతుంది. అదీ సాగకపోతే బోర్లా పడుకొని, తెడ్డును రొమ్ము క్రింద నొక్కి పట్టి, చేతులతో ఈదినట్లు సాగాలి. ఏ స్థితిలోనూ పలకను వదలి ఒడ్డుకు ఈదాలని చూడరాదు. తేలే వస్తువును విడిచినవాడే ఎక్కువ ప్రమాదంలో పడతాడు.

బయలుదేరేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళాలి. అలా వెళితే అలసిన వేళ గాలియే ఇంటివైపు తెస్తుంది. ఆ ఆదివారం ఇతడు గాలివాటున హాయిగా వెళ్ళి, అది తన నైపుణ్యమే అనుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు అసలు లెక్క తెలిసింది.

రక్షణ కవచం నీటిలో దిగిన ప్రతిసారీ, బకిళ్ళు బిగించి ధరించాలి. పలకతో మనిషిని కలిపే తాడు ఉండాలి; పారే నీటిలోనూ, వలలు, మొద్దులు ఉన్నచోటా అది చీలమండకు గాక నడుముకు కట్టి, ఒక్క లాగుతో విడిపోయేదిగా ఉండాలి. ఆగకుండా కనీసం 50 మీటర్లు ఈదలేనివారు ముందు ఈత నేర్చుకోవాలని మా సలహా. పడిపోక తప్పనప్పుడు పలకకు దూరంగా, వెల్లకిలా పడాలి. లోతు తెలియని నీటిలో తలక్రిందుగా దూకరాదు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఆ ప్రాంతంలో గాలి నింపిన పలకను ఎండలో వదలితే లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విడిపోవచ్చు.

సోదరీమణులకు ఒక మాట

ఆ ఇంటి ఆడపిల్ల కూడా మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది: "ఇవన్నీ అన్నయ్యకేనా, నాకు తగవా?" ఈత నేర్చుకోవడంలోని మేలు పురుషులకే పరిమితమని మేము ఎక్కడా చదవలేదు. పరపురుషుల చూపు లేని స్థలం, వేళ, నేర్పడానికి స్త్రీ గాని మహరమ్ గాని ఉంటే నేర్చుకోవడమే మంచిది. అయితే నీరు పీల్చి బరువెక్కే బురఖా, వ్రేలాడే దుపట్టా నీటిలో ప్రాణాపాయం. ఒళ్ళంతా కప్పుతూ నీరు నిలుపుకోని ఈత దుస్తులు నేడు దొరుకుతున్నాయి. వాటిపై వదులైన చొక్కా, ఆపైన రక్షణ కవచం ధరించవచ్చు. నడుముతో తెడ్డు వేసే పద్ధతికి భుజబలం అంతగా అవసరం లేదు గనుక స్త్రీలకు ఇది కష్టం కాదు.

లాంప్ రూం నియమం

తిరుగు ప్రయాణం రోజు ఉదయం తండ్రి ఎందుకు అంత కఠినంగా ఉన్నారో మాకు చెప్పారు. "బాయిల దిగినోడు పైకొస్తెనే షిఫ్టు అయిపోయినట్టు. ఎంత బొగ్గు ఎత్తిండు అన్నది తర్వాత" అన్నారు. గనిలోకి దిగే ప్రతి కార్మికుడూ లాంప్ రూంలో తన నంబరు దీపం తీసుకుంటాడు, పైకి వచ్చి తిరిగి అప్పగిస్తాడు. తిరిగి రాని దీపం ఏదో చూస్తే ఎవరు ఇంకా క్రింద ఉన్నారో తెలుస్తుంది. ఆ ఆదివారం సాయంత్రం తన కొడుకు దీపం తిరిగి రానట్లు ఆయనకు తోచింది. ముప్పై ఏళ్ళు ఆ భయాన్ని ఇంటికి తేకుండా దాచుకున్న మనిషి, దానిని కోపంగానే బయటపెట్టగలిగారు. కొడుకు దానిని నిషేధంగా మాత్రమే విన్నాడు.

ఆ ఉదయం వారిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. చెరువుకు వెళ్ళేముందు ఏ చెరువు, ఎవరితో, ఎన్ని గంటలకు తిరిగి వస్తాడు అన్నది వంటగది తలుపు వెనుక పలకపై సుద్దతో వ్రాయాలి. వచ్చిన తరువాత స్వయంగా చెరపాలి. చెరపని వ్రాత ఉంటే తండ్రి నేరుగా చెరువుకు బయలుదేరుతారు. ఫోను నీరు చొరని సంచిలో మెడకు ఉండాలి. ఒంటరిగా వెళ్ళరాదు. జుహర్ అజాన్‌కు ముందే ఒడ్డున ఉండాలి. గాలి లేచే వేళా అదే గనుక నమాజు నియమం ప్రాణరక్షణ నియమం కూడా అవుతుంది. నీటి క్రీడలకు వెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంటా ఈ పద్ధతి పెట్టుకోవచ్చు. దీనికి ఖర్చు సుద్దముక్క మాత్రమే.

నూహ్ (అలై) తన ఓడ ఎక్కినవారితో, దాని సాగడమూ ఆగడమూ రెండూ అల్లాహ్ పేరుతోనే అన్నారని హూద్ సూరా తెలుపుతున్నది. మనం సాగేటప్పుడు బిస్మిల్లాహ్ అంటాము. ఆగడం గురించి, తిరిగి చేరడం గురించి ముందే ఆలోచించము. సముద్రంలో ఆపద వచ్చినప్పుడు అల్లాహ్‌నే పిలిచి, ఒడ్డు చేరగానే ఆయనను మరచే మనిషి స్వభావాన్ని ఇస్రా సూరా హెచ్చరించింది. ఒడ్డు చేరినవాడు షుక్ర్ చెప్పాలి, తన కోసం ఎదురుచూసినవారిని పలకరించాలి.

మేము బయలుదేరుతుండగా ఆ సోదరి తలుపు వెనుక పలక చూపించారు. దానిపై కొడుకు చేతివ్రాతలో చెరువు పేరు, వేళ ఉన్నాయి. క్రింద తండ్రి చేతివ్రాతలో మరొక మాట చేరింది: "నేను కూడా వస్తున్న." కట్టమీద నడుస్తూ వేట్లు లెక్కించేవారు ఒకరు ఉండడం మంచిదే. ఈ నీటిపై తిరిగే పిల్లలందరినీ అల్లాహ్ క్షేమంగా ఒడ్డు చేర్చుగాక. ఆమీన్.